పాటీసూత్రము, బీజక్రియ: పావులూరి గణితపాఠమునకు ఒక పూర్వరంగము

పావులూరి మల్లనను గూర్చి మన సాహిత్యచరిత్రలలో వ్రాయబడిన పుటలలో హెచ్చుభాగము కాలనిర్ణయమునకే సరిపోయినది. సారసంగ్రహగణితమును రచించినవాడు రాజరాజనరేంద్రుని (1022–1061) కాలపు మల్లనయా, లేక తాత పేరు పెట్టుకొనిన మనుమడా యను వాదము పెక్కుమంది పండితులకు పని కల్పించినది. ఆ వాదము ముగిసిన పిదప గ్రంథవిషయమును గూర్చి చెప్పవలసిన తావున చదరంగపు గళ్ళ పద్యము నొకదానిని చూపి ఊరకుండుట పరిపాటి యైనది. ఆ పద్యము చూపదగినదే. మొదటి గడిలో ఒకటి, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లు గడిగడికి రెట్టించుచు పోయినచో 64 గళ్ళకు చేరు మొత్తము 18446744073709551615. ఇరువది యంకెల ఈ సంఖ్యను కవి భూతసంఖ్యలతో ఒక చంపకమాలలో కుడినుండి ఎడమకు ఇమిడ్చినాడు. ఒక్క యంకె తప్పలేదు, గణము తప్పలేదు.

కాని ఇది గుణకారమునకును పద్యరచనకును సంబంధించిన నేర్పు. గణితగ్రంథమునకు ప్రాణము అంతకంటె లోపల నుండును. తెలియని రాశిని తెలిసినదానినుండి రాబట్టుట ఎట్లు? ఈ ప్రశ్నకు మల్లన యనువదించిన సంప్రదాయము ఒక విధమున సమాధానము చెప్పినది. అదే దేశమున అదే భాషలో పెరిగిన మరియొక సంప్రదాయము మరియొక విధమున చెప్పినది. మొదటిది పాటీగణితము, రెండవది బీజగణితము. మొదటిదానిలోని సూత్రములను రెండవదాని సాయము లేక మనము సరిగా చదువజాలమనియు, అట్లు చదువకుండుటచే మన పాఠపరిష్కరణమున పొరపాట్లు దొరలుననియు నా యభిప్రాయము. ఆ పొరపాట్లలో ఒకటి నేనే చేసితిని గనుక ఈ వ్యాసము వ్రాయు నధికారము నాకు కొంత కలదనుకొందును.

మల్లనకు మూలము మహావీరాచార్యుని గణితసారసంగ్రహము. మహావీరుడు జైనుడు, రాష్ట్రకూట చక్రవర్తియగు అమోఘవర్షుని కాలమున, అనగా 9వ శతాబ్ది మధ్యమున, ఈ గ్రంథమును రచించెను. దీనిని రంగాచార్యులవారు ఆంగ్లానువాదముతో పరిష్కరింపగా 1912లో మద్రాసు ప్రభుత్వము ప్రకటించినది. సంజ్ఞాధికారము తరువాత ఎనిమిది వ్యవహారములు. అందు భిన్నములపై ఆధారపడిన చిల్లర సమస్యలకు ప్రకీర్ణకవ్యవహారమని పేరు. చిల్లర యనుటచే తేలిక యని భ్రమపడరాదు. నేడు ఉన్నతపాఠశాలలో వర్గసమీకరణములని నేర్పునవి పెక్కు ఇక్కడ మారువేషమున నున్నవి.

ఆ వేషమును ఒక యుదాహరణమున చూతము. ఒంటెల మందలో నాలుగవ వంతు అడవిలో కనబడినది. మంద యొక్క వర్గమూలమునకు రెట్టింపు కొండచరియలకు పోయినది. మూడైదుల ఒంటెలు ఏటియొడ్డున నిలిచియున్నవి. మంద యెంత? ఇది మహావీరుని ప్రసిద్ధమైన లెక్క. కొండపై చరించుచున్న ఒంటెలు వర్గమూలమునకు రెట్టింపని ఏ కాపరియు చెప్పడు. కాని లెక్కకు కథ కావలయును, కథకు మంద కావలయును.

దీనిని సాధించుటకు మహావీరుడు చెప్పిన సూత్రమును వచనమున చెప్పినచో ఇట్లుండును. మూలమును గుణించు సంఖ్యలో సగమును, కంటికి కనబడు శేషమును వేరువేరుగా తీసికొని, ఒకటిలోనుండి భాగమును తీసివేయగా మిగిలినదానిచే రెండింటిని భాగింపవలయును. మొదటిదాని వర్గమును రెండవదానికి కూర్చి మూలము తీయవలయును. దానికి మొదటిదానిని కూర్చి వర్గము చేసినచో రాశి వచ్చును. మన లెక్కలో రెండులో సగము 1. ఒకటిలోనుండి నాలుగవ వంతు పోగా 3/4. దానిచే భాగింపగా మొదటిది 4/3, శేషమగు 15 భాగింపబడి 20. 4/3 వర్గము 16/9. 20తో కూడి 196/9. దాని మూలము 14/3. దానికి 4/3 కూర్పగా 6. ఆరు వర్గము 36. అడవిలో 9, కొండపై 12, ఏటియొడ్డున 15; మొత్తము 36. లెక్క సరిపోయినది.

సరిపోయినది కాని, ఎందుకు సరిపోయినది? రెండులో సగమెందుకు తీసికొనవలయును? ఆ సగపు వర్గమును ఏటియొడ్డున నున్న ఒంటెలకెందుకు కలుపవలయును? సూత్రము చెప్పదు. చెప్పుట దాని పనియు కాదు. ఇట్టి లెక్కలను మహావీరుడు పది జాతులుగా విభజించి, భాగజాతి, శేషజాతి, మూలజాతి, శేషమూలజాతి మొదలుగాగల ఆ జాతులకు తగిన సూత్రములను విడివిడిగా చెప్పినాడు. శిష్యుడు చేయవలసినది లెక్క వినగానే అది ఏ జాతిదో గుర్తించుట. వ్యాధిని గుర్తించినచో మందు సిద్ధముగా నున్నది. కరణమునకును వర్తకునకును ఇంతకంటె అక్కరలేదు. పాటి యనగా పలక. దుమ్ము చల్లిన పలకపై వ్రాయుచు చెరిపివేయుచు చేయు లెక్క గనుక అది ధూళికర్మ యనియు పిలువబడినది. చెరిపివేసిన పిమ్మట ఫలము మిగులును గాని దారి మిగులదు.

ఇక నా పొరపాటు. చాలకాలము క్రిందట శాస్త్రకావ్యముల భాషపై పనిచేయుచు మహావీరుని మూలజాతి సూత్రమును మొదటిసారి చదివితిని. అందు పదమను శబ్దము వచ్చినది. పాఠశాలలో బహుపది, ద్విపది, త్రిపది యని చదువుకొన్నవాడను గనుక పదమనగా సమాసములోని ఒక భాగమని అర్థము చేసికొంటిని. అట్లు చేసికొన్నచో సూత్రము పొసగదు. పొసగదు గనుక పాఠము చెడినదని నా కాగితముల అంచున వ్రాసికొని, సవరణ నొకదానిని కూడ ఊహించితిని. ఛందస్సునకు సరిపోయిన ఆ సవరణను చూచి గర్వపడితినని చెప్పుటకు సిగ్గుపడుచున్నాను. గణితశాఖలోని ఒక పెద్ద యుపాధ్యాయుడు ఒంటెల లెక్కను పలకమీద చేసి చూపువరకు నాకు తెలియలేదు: ఆ సూత్రమున పదమనగా వర్గమూలమే. పాఠము నిర్దుష్టము, చదువరి దుష్టుడు.

మన పాఠశాలల బీజగణితము పాతమాటలను చాలవరకు నిలుపుకొన్నది. కాని మాట నిలిచి అర్థము కదలిన తావులు కలవు. మూలమనగా పూర్వము వర్గమూలము, ఘనమూలము. నేడు సమీకరణమును తృప్తిపరచు విలువకు కూడ మూలమే పేరు. ఒంటెల లెక్కలో పాతయర్థమున మూలము 6. మంద సంఖ్యయే అవ్యక్తమని సమీకరణము వ్రాసికొన్న నేటి విద్యార్థికి మూలము 36. పదము వర్గమూలమునుండి సమాసభాగమునకు వచ్చినది. గుణకమను మాట మాత్రము అంతగా చెదరలేదు. భాస్కరుడు ఈ జాతి లెక్కలకు గుణకర్మ యని పేరు పెట్టినప్పుడు గుణమనగా మూలమును గుణించు సంఖ్యయే, నేటి గుణకమునకు దగ్గరి చుట్టము. మన నిఘంటువులలో ఈ మాటలకు కావ్యార్థములు విరివిగా నున్నంతగా గణితార్థములు కాలక్రమమున చూపబడలేదు. శాస్త్రగ్రంథపరిష్కర్తకు కలుగు చిక్కులలో సగము ఇక్కడ పుట్టుచున్నవి.

పలకపై చెరిపివేయబడిన దారిని తిరిగి చూపునది బీజగణితము. భాస్కరాచార్యుడు 1150లో రచించిన సిద్ధాంతశిరోమణిలో లీలావతి పాటీగణితము, దాని తరువాతిది బీజగణితము. ఒకే గ్రంథకర్త రెండును వ్రాయుట మనకు గొప్ప యుపకారమైనది. ఏలయన ఒకే లెక్కను ఆతడు రెండుచోట్లను చేసి చూపినాడు. అది తుమ్మెదల లెక్క. తుమ్మెదల గుంపులో సగము యొక్క వర్గమూలమంత మాలతీలతకు పోయినది. మొత్తములో తొమ్మిదింట ఎనిమిది వంతులును పోయినవి. మిగిలినవి ఒక ఆడుతుమ్మెదయు, తామరలో చిక్కుకొని మ్రోయుచున్న దాని జోడును. గుంపెంత?

లీలావతిలో ఇది గుణకర్మ సూత్రముచే సాధింపబడును. సగమునకు మూలము చెప్పబడినది గనుక గుంపులో సగమునే రాశిగా తీసికొనవలయును. అప్పుడు మూలగుణము 1/2, దృశ్యము 1, పోయిన భాగము 8/9. ఒకటిలో 8/9 పోగా 1/9. దానిచే రెండింటిని భాగింపగా గుణము 9/2, దృశ్యము 9. గుణార్ధము 9/4, దాని వర్గము 81/16, 9తో కూడి 225/16, మూలము 15/4, గుణార్ధముతో కూడి 6, వర్గము 36, రెట్టింపగా 72. ఇది ఒంటెల లెక్కకు అన్నదమ్ముడు.

బీజగణితములో ఆతడు చేసినది వేరు. తెలియని రాశికి యావత్తావత్తు అని పేరు; ఎంతయో అంత యని దాని యర్థము. దానిని కుదించి యా యని వ్రాయుదురు. దాని వర్గము యావ. తెలిసిన సంఖ్య రూపము, కుదింపగా రూ. ఒకటికంటె హెచ్చుగా తెలియని రాశులున్నచో కాలకము, నీలకము, పీతకము, లోహితకము అని రంగుల పేర్లు. అందలి మొదటి యక్షరములు కా, నీ, పీ, లో. ఇప్పుడు తుమ్మెదల గుంపును యా యని భాస్కరుడనలేదు. యావ 2 అన్నాడు. అనగా గుంపు ఒక తెలియని సంఖ్య యొక్క వర్గమునకు రెట్టింపు. అట్లనగానే గుంపులో సగము యావ 1. దాని మూలము యా 1. వర్గమూలపు చిక్కు మొదటి యడుగుననే విడిపోయినది. పిమ్మట యావ 2కు తొమ్మిదింట ఎనిమిది వంతులు, యా 1, రూ 2 కూడిన మొత్తము యావ 2కు సమము. తొమ్మిదిచే గుణించి శోధించినచో యావ 2 ఒక ప్రక్క, యా 9 రూ 18 మరియొక ప్రక్క. యా విలువ 6, గుంపు 72.

ఈ రెండు సాధనములను ప్రక్క ప్రక్కన నుంచి చూచినవారికి పాటీసూత్రమెట్లు పుట్టినదో స్పష్టమగును. ఒంటెల లెక్కలో మందను యావ 1 అనుకొందము. నాలుగవ వంతు పోగా యావ 3/4 మిగిలినది. అది యా 2, రూ 15కు సమము. 3/4చే భాగింపగా యావ 1 ఒక వైపున, యా 8/3, రూ 20 మరియొక వైపున నిలిచినవి. యా నంతటిని ఒక ప్రక్కకు తెచ్చి, 8/3లో సగమగు 4/3 యొక్క వర్గమును ఇరువైపుల కలిపినచో ఒక ప్రక్క పూర్ణవర్గమగును. రెండవ ప్రక్క 196/9. మహావీరుడు సగము తీసికొమ్మన్నది ఇందుకు. వర్గము చేసి కనబడినదానికి కలుపుమన్నది ఇందుకు. తుదకు వర్గింపుమన్నది యా నుండి యావ కు పోవుటకు. సూత్రమున నున్న ప్రతి క్రియయు బీజక్రియలో తన స్థానమున కూర్చుండును. పది జాతుల వెనుక నున్నది ఒకే పని. ఎవడో ఒక గురువు ఒకసారి ఆ పని చేసి, ఫలమును శ్లోకమున కట్టి, దారిని చెరిపివేసినాడు.

ఇటీవల నా మిత్రుని కుమారునికి, పదవ తరగతి చదువుచున్న బాలునికి, ఈ తుమ్మెదల లెక్కనిచ్చి చూచితిని. ఆతడు గుంపునే అవ్యక్తముగా తీసికొనెను. తొందరలో వర్గమూలమును ఒక ప్రక్క నుంచి, మిగిలినదంతయు రెండవ ప్రక్కకు త్రోసి, ఇరువైపుల వర్గము చేసెను. ఆతనికి వచ్చిన సమీకరణమును భాస్కరుని రీతిని వ్రాసినచో యావ 2, యా 153 ఋణము, రూ 648. ఇంగ్లీషు మాధ్యమపు విద్యార్థి గనుక బీ స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ యని పాడుకొనుచు సూత్రమును ప్రయోగించి, 18225 యొక్క మూలము 135 అని కనుగొని, 72 అనియు నాలుగున్నర యనియు రెండు విలువలు తెచ్చెను. అర తుమ్మెద యుండదు గనుక నాలుగున్నరను కొట్టివేసితి నన్నాడు.

బాలుని లెక్క తప్పు కాదు. అంతపెద్ద సంఖ్యలను తప్పుపోక నడిపినందుకు మెచ్చుకొంటిని. కాని రెండు విషయములు గమనింపదగియున్నవి. మొదటిది, భాస్కరుడు యావ 2 అని యొక్క మాటతో తప్పించిన శ్రమను ఆతడు పుటనిండ పడినాడు. సూత్రము తెలియుట వేరు, రాశికి ఏ రూపమున పేరు పెట్టవలయునో తెలియుట వేరు. బీజమనునది అక్షరము కాదనియు, బుద్ధియే యనియు భాస్కరుడు పలుమార్లు చెప్పుటలోని భావమిదే. రెండవది, నాలుగున్నరను కొట్టివేయుటకు ఆతడు చెప్పిన కారణము నిజమైన కారణము కాదు. ఆ విలువను లెక్కలో పెట్టి చూచినచో సగము యొక్క మూలము ఒకటిన్నర. కాని అది ఋణము ఒకటిన్నర కావలసి వచ్చుచున్నది. ఇరువైపుల వర్గము చేసినప్పుడు ఋణధనముల భేదము చెరిగిపోయి, పిలువని చుట్టమొకడు లోపల ప్రవేశించినాడు. భాస్కరుని దారిలో వాడే యా విలువ ఋణము 3/2 యై ముందుగనే బయటపడును. తుమ్మెదలు ముక్కలు కావను మాట మన యదృష్టముచే ఈ లెక్కకు సరిపోయినది. ఎల్లప్పుడు సరిపోదని క్రింద చూపెదను.

సూత్రమును పాడుకొనుటను గూర్చి ఒక మాట. పదవ తరగతి పుస్తకములలో వర్గసమీకరణసూత్రమునకు శ్రీధరాచార్యుని పేరు చెప్పుచుందురు. శ్రీధరుని బీజగణితగ్రంథము మనకు దక్కలేదు. ఆతని విధిని భాస్కరుడు పేర్కొనుటచే నిలిచినది. ఆ విధి యేమి? ఇరుపక్షములను వర్గగుణకమునకు నాలుగురెట్లచే గుణింపుము, అవ్యక్తగుణకపు వర్గమును ఇరుపక్షములకు కలుపుము, మూలము తీయుము. ఒంటెల లెక్కను యావ 3, యా 8 ఋణము ఒక ప్రక్కను, రూ 60 మరియొక ప్రక్కను గల సమీకరణముగా నిలుపుడు. 12చే గుణింపగా యావ 36, యా 96 ఋణము. రెండవ ప్రక్క 720. 64 కలుపగా రెండవ ప్రక్క 784, దాని మూలము 28. మొదటి ప్రక్క మూలము యా 6, రూ 8 ఋణము. కావున యా 6 అనగా 36, యా 1 అనగా 6. నడుమ ఎక్కడను భిన్నము రాలేదు. మహావీరుని సూత్రముచే పోయినప్పుడు 16/9, 196/9, 14/3 అని మెట్టుమెట్టునకు ఎదురైన భిన్నములన్నియు శ్రీధరుని నాలుగురెట్ల గుణకారముచే ముందే తొలగినవి. ఇది చేయవలసిన క్రియ, తుదిఫలము కాదు. తుదిఫలమును మాత్రము కంఠస్థము చేయించి శ్రీధరుని పేరు దానికి తగిలించుట, బీజమును మరల పాటిగా మార్చుటయే. మహావీరుని కాలపు శిష్యుడు పది జాతులను గుర్తుంచుకొనెను. మన విద్యార్థి ఒక్కదానిని గుర్తుంచుకొనుచున్నాడు. శ్రమ తగ్గినదే కాని స్వభావము మారలేదు.

చిన్నతరగతులలో పక్షాంతరణము విషయమునను ఇట్లే. అటు పోయినచో గుర్తు మారునని పిల్లలకు చెప్పుదురు. ఎందుకు మారును? గుమ్మము దాటినంతనే కులము మారినట్లు సంఖ్యకు గుర్తు మారుట పిల్లవానికి మాయగా తోచును. భాస్కరుని ఏకవర్ణసమీకరణములోని మొదటి యుదాహరణమును చూడుడు. ఒకని వద్ద 300 రూపములును 6 గుర్రములును కలవు. మరియొకని వద్ద 10 గుర్రములు కలవు, 100 రూపముల అప్పు కలదు. ఇరువురి ధనము సమానము. గుర్రము వెల యెంత? ఆతడు రెండు పక్షములను ఒకదాని క్రింద నొకటిగా నిలిపెను: పైన యా 6, రూ 300, క్రింద యా 10, రూ 100 పై ఋణచిహ్నముగా ఒక చుక్క. పిమ్మట సమశోధనము. ఒక పక్షపు యా ను ఇరుపక్షములనుండి తీసివేయుము. రెండవ పక్షపు రూపములను ఇరుపక్షములనుండి తీసివేయుము. 10లో 6 పోగా యా 4. 300లోనుండి ఋణము 100 తీసివేయగా 400. గుర్రము వెల 100, ఒక్కొక్కని ధనము 900. ఇక్కడ ఏదియు అటు పోలేదు, ఏ గుర్తును మాయగా మారలేదు. రెండుచోట్లను ఒకే వస్తువు తీసివేయబడినది, అంతే. అప్పు తీసివేయుట ధనము చేర్చుట యగునని తెలిసిన వర్తకుని బిడ్డకు ఈ లెక్క నిమిషములో బోధపడును.

ఈ సమశోధనము భాస్కరునితో పుట్టలేదు. ఆర్యభటుడు 499 నాటికే ఇదే జాతి లెక్కకు విధి చెప్పి తెలియని వెలకు గులిక యని పేరిడినాడు. ఋణధనములను కూడుట, తీసివేయుట, గుణించుట, భాగించుట అను విధులను బ్రహ్మగుప్తుడు 628లో బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున క్రమముగా చెప్పినాడు. దీని ప్రయోజనము పశ్చిమమున జరిగినదానితో పోల్చినచో తెలియును. బాగ్దాదులో 9వ శతాబ్ది పూర్వార్ధమున అల్ ఖ్వారిజ్మీ రచించిన గ్రంథనామములోని అల్ జబ్ర్ నుండియే ఐరోపా భాషలలో ఆల్జీబ్రా అను పేరు వచ్చినది. ఋణసంఖ్యను సమీకరణమున నిలువనీయక, లోటును పూడ్చి రెండవ ప్రక్కకు చేర్చుటయే జబ్ర్. ఋణమును అంగీకరింపనందున ఆతనికి సమీకరణములు ఆరు తెగలైనవి. ప్రతి తెగకు వేరు విధి. మనవారికి ఋణమునకు చుక్క యుండుటచే ఆ తెగల భేదము అవసరపడలేదు. ఇంతమాత్రమున ఎవరో గెలిచిరని యెంచరాదు. అల్ ఖ్వారిజ్మీ తన విధులకు క్షేత్రముల ద్వారా ఉపపత్తి చూపినాడు; మహావీరుని సూత్రములలో ఉపపత్తి లేదు. తెలిసిన సంఖ్యలకు కూడ అక్షరములను వాడు పద్ధతి 1591లో వియేటాతో ఐరోపాలో నెలకొన్నది. భాస్కరుని యా, కా, నీ లు తెలియనివానికి మాత్రమే. మన పూర్వులకు సర్వము తెలియునని చెప్పువారు ఈ భేదమును దాటవేయుదురు. వారికేమియు తెలియదనువారు భాస్కరుని చదువరు.

ఋణమును అంగీకరించినంతమాత్రమున లోకము అంగీకరించునా యను ప్రశ్న భాస్కరునికి ఎదురైనది. ఆతని కోతుల లెక్కలు రెండు. మొదటిదానిలో మందలో ఎనిమిదవ వంతు యొక్క వర్గమంత అడవిలో ఆడుకొనుచున్నది. పన్నెండు కొండపై కిచకిచలాడుచున్నవి. మంద 48 యైనను సరిపోవును, 16 యైనను సరిపోవును. 48లో ఎనిమిదవ వంతు 6, వర్గము 36, పన్నెండుతో 48. 16లో ఎనిమిదవ వంతు 2, వర్గము 4, పన్నెండుతో 16. రెండును నిజములే, రెండును గ్రాహ్యములే యని భాస్కరుడు అంగీకరించెను. రెండవ లెక్కలో మందలో అయిదవ వంతుకు మూడు తక్కువైనదాని వర్గమంత గుహలోనికి పోయినది. ఒక్క కోతి కొమ్మపై కనబడినది. మంద 50 అనుకొనుడు. అయిదవ వంతు 10, మూడు తక్కువ 7, వర్గము 49, ఒకటితో 50. మంద 5 అనుకొనుడు. అయిదవ వంతు 1, మూడు తక్కువైనచో ఋణము 2, వర్గము 4, ఒకటితో 5. సమీకరణము తృప్తిపడినది. అయిదు పూర్ణసంఖ్య, ముక్కలైన కోతి యెక్కడను లేదు. నా మిత్రకుమారుని న్యాయము ఇక్కడ పనిచేయదు. అయినను భాస్కరుడు 5ను వదలివేసెను. ఒక కోతినుండి మూడు కోతులను తీసివేయుట లోకమునకు నమ్మకము కలిగింపదని ఆతని సమాధానము. క్రియ ఒప్పిన విలువను లెక్కయొక్క అర్థము ఒప్పలేదు. ఈ వివేచనకు పాటీసూత్రములో చోటెక్కడిది? సూత్రము కూర్చుమన్నచో కూర్చుదుము, తీసివేయుమన్నచో తీసివేయుదుము. రెండును ఎందుకు వచ్చినవో, ఒకటి ఎందుకు పోయినదో బీజక్రియ చేసినవానికే కనబడును.

మరల మల్లనకు వత్తము. ఆతడు అనువదించినది పాటీగ్రంథము. ఆంధ్రమునకు దిగివచ్చినది సూత్రము, ఉదాహరణము. జైనస్తుతులకు బదులు శివస్తుతి చేసి, ఉదాహరణములను తన దేశమునకు తగినట్లు మార్చుకొన్న స్వతంత్రుడు. అట్లు మార్చినప్పుడు సంఖ్యలును మారవచ్చును. లేఖకుల చేతిలో మరల మారవచ్చును. కావ్యపాఠము చెడినచో రసము, ఔచిత్యము, ఛందస్సు అని పలుసాక్షులను పిలిచి వాదింతుము; ఏ సాక్షియు తుదిమాట చెప్పడు. గణితపాఠమునకు అట్లు కాదు. అక్కడ లెక్కయే సాక్షి.

ఒక ఊహతో చూపెదను. ఒంటెల లెక్క యొక్క తెనుగు పద్యము నాలుగు తాళపత్రప్రతులలో దొరకినదనుకొందము. రెండింట ఏటియొడ్డున మూడైదులని యున్నది, ఒకదానిలో మూడారులని యున్నది. ఐదులు, ఆరులు ఛందస్సునకు రెండును సరిపోయినవనుకొనుడు. పరిష్కర్త బీజక్రియ చేయవలయును. శేషము 18 అయినచో యావ 3, యా 8 ఋణము ఒక ప్రక్కను, రూ 72 ఒక ప్రక్కను నిలుచును. 12చే గుణించి 64 కలుపగా 928. దానికి పూర్ణమూలము లేదు. మంద పూర్ణసంఖ్య కాదు. మూడారులు లేఖకదోషము. ఇదే విధముగా నాలుగవ ప్రతిలో నాలుగెనిమిదులని యున్నదనుకొందము. శేషము 32. అప్పుడు 1536కు 64 చేరి 1600, మూలము 40, యా 8, మంద 64. అడవిలో 16, కొండపై 16, ఏటియొడ్డున 32. ఇదియు సరిపోయినది! ఇక్కడ లెక్క ఒక్కటే తీర్పు చెప్పజాలదు; ఇది లేఖకుని చేతిజారుడు కాక, లెక్క తెలిసిన ఉపాధ్యాయుడెవడో తన శిష్యులకై కావలెనని మార్చిన పాఠము కావచ్చును. ఒక దోషమును లెక్క తోసివేసినది, ఒక మార్పును లెక్క పట్టియిచ్చినది.

మహావీరుని ప్రకీర్ణకమును మల్లన ప్రకీర్ణకముతో జాతివారీగా సరిచూచి, ప్రతి యుదాహరణమును యావత్తావత్తుతో సాధించి, ప్రతులలోని సంఖ్యాభేదములను ఈ రీతిని మూడు తెగలుగా వేరుచేయు పని యొకటి మన పరిశోధకవిద్యార్థుల కొరకు వేచియున్నది. దానికి గణితమున పట్టము అక్కరలేదు. పదవ తరగతి బీజగణితము, ఒక పలక, పదమనగా వర్గమూలమని గుర్తు చాలును.